క్రాస్ కుక్కకు పేరు కాదు, ఒళ్లు చూడాలి

పెన్‌గంగ నదికి అటు పాండర్‌కవడ. ఇటు కిన్వట్, జైనథ్, బేల, ఆదిలాబాద్. ఈ ఊళ్లలో కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లను అడిగితే "ల్యాబ్ క్రాస్", "షెపర్డ్ క్రాస్", "పామ్ క్రాస్" అంటారు. అంటే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పామరేనియన్ జాతులతో కలిసి పుట్టినవని. ఆ మాట తల్లినో తండ్రినో చూసి చెప్పింది కావచ్చు, చెవులు చూసి ఊహించింది కావచ్చు. దాన్ని నమ్మి "ల్యాబ్ కదా, ఎవరినీ కరవదు" అనుకుంటేనే చిక్కు. 2022లో అమెరికా పరిశోధకులు 18,000కు పైగా కుక్కల యజమానులను అడిగి, 2,000కు పైగా కుక్కల జన్యువులు పరీక్షించి చూస్తే, ఒక్కో కుక్క స్వభావంలో కనిపించే తేడాలకు జాతి కారణమయ్యేది సుమారు 9 శాతమే. బొచ్చు, చెవులు, సైజు అలా కాదు. అవి కొద్దిపాటి జన్యువుల చేతిలో ఉంటాయి, తల్లిదండ్రుల నుంచి గట్టిగా దిగుతాయి. పెంపకంలో లెక్కలోకి తీసుకోవాల్సింది వాటినే.

"క్రాస్‌కు రోగాలు రావు" అన్నది సగం నిజం. కాలిఫోర్నియాలో 27,254 కుక్కల రికార్డుల్లో 24 వంశపారంపర్య జబ్బులను పోల్చి 2013లో ఫలితాలు ప్రకటించారు. 10 జబ్బులు శుద్ధజాతుల్లో ఎక్కువ, 13 రెండింటిలోనూ సమానం. మోకాలి లిగమెంట్ తెగడం మాత్రం క్రాస్‌లలోనే ఎక్కువ.

ముందు బొచ్చు చూడండి. వీపు మీద వెంట్రుకలు వేళ్లతో పాయ తీస్తే కింద దూదిలాంటి మెత్తటి పొర కనిపిస్తే అది రెండు పొరల బొచ్చు. పామ్, షెపర్డ్ రక్తం ఉన్నవాటికి ఇది మామూలు. ఎండాకాలం అని దీన్ని గుండు కొట్టించొద్దు. చర్మం కమిలిపోతుంది, మళ్లీ మొలిచేది అతుకులు అతుకులుగా మొలుస్తుంది. వారానికి రెండు మూడుసార్లు దువ్వి రాలిన లోపలి పొర తీసేస్తే చాలు. ఒకే పొర ఉన్న పొట్టి బొచ్చు కుక్కకు ఇబ్బంది జనవరిలో: రాత్రి చలి 5, 6 డిగ్రీలకు దిగితే బండల మీద పడుకోనీయొద్దు, గోనెసంచి మడిచి వేయాలి.

మేలో 45 డిగ్రీలప్పుడు ఏ బొచ్చు కుక్కయినా రొప్పుతూనే చల్లబడాలి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటి, చిక్కటి చొంగ కారుతూ, కాళ్లు తడబడితే వడదెబ్బే. నీడకు తెచ్చి ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టాలి. 103కు దిగగానే పోయడం ఆపి దవాఖానకు తీసుకెళ్లాలి. తడిబట్ట కప్పి వదిలేస్తే కాసేపటికి అదే వేడెక్కి గాలి తగలనీయదు.

అన్నిటికన్నా ప్రమాదం గోమార్ల మందులో ఉంది. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదినే కుక్కకూ పొడిచేవాళ్లున్నారు. మెదడులోకి వచ్చిన మందును బయటికి తోసే ఏర్పాటు ఒక జన్యువు పని. కోలీ లాంటి మందకాపు జాతుల్లో, కొన్ని జర్మన్ షెపర్డ్‌లలో అది చెడి ఉంటుంది, క్రాస్ పిల్లలకూ దిగొచ్చు. బయటికి ఏ గుర్తూ ఉండదు. అలాంటి కుక్కకు కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటితేనే విషం. ఆ సూదిమందు ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములుంటాయి. 15 కిలోల కుక్కకు ఆ ఒక్క మిల్లీలీటరు వేస్తే కిలోకు 0.67 మిల్లీగ్రాములు పడుతుంది! కనుపాపలు పెద్దవై, చూపు పోయి, తూలుతూ కోమాలోకి జారుతుంది. ప్రత్యేకంగా విరుగుడంటూ లేదు. గోమార్లకు డాక్టరు బరువు తూచి రాసే మందే వాడాలి.

గోమారును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. కిరోసిన్ పూయొద్దు, వేళ్లతో నలపొద్దు. కుక్కను ఎంత శుభ్రం చేసినా మళ్లీ వస్తున్నాయంటే గోడ పగుళ్లు చూడండి. ఒక్క ఆడ గోమారు అక్కడే వేలల్లో గుడ్లు పెడుతుంది. తిండి మానడం, జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులో రక్తం కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. ఎర్లిఖియా (గోమార్లు అంటించే రక్తపు జబ్బు) అని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. అయిదో రోజు కుక్క లేచి తింటోందని ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

తిండి సంగతి: రెండు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు. ఒట్టి పాలన్నం, జొన్నరొట్టెతో మాంసకృత్తులు చాలవు; ఒట్టి మాంసమైతే కాల్షియం తగ్గి ఎముకలు వంకరపోతాయి. గుడ్డు, పప్పు, కొంత మాంసం కలపాలి, కాల్షియం డాక్టరు చెప్పినంతే. మన కూర పులుసు కలిపి పెట్టొద్దు. 10 కిలోల కుక్కకు 50 గ్రాముల ఉల్లిగడ్డ చాలు, ఎర్ర రక్తకణాలు పగిలిపోవడానికి. మధ్యస్థం సైజు పిల్ల నాలుగో నెలలో తూగే బరువుకు ఇంచుమించు రెట్టింపు పెద్దయ్యాక తూగుతుంది. పెంచే చోటు, తిండి ఖర్చు ఆ లెక్కన చూసుకోవాలి.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి పదహారో వారం దాకా. రేబిస్ మూడో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి.

పత్తి చేలల్లో మందు కొట్టే రోజుల్లో కుక్కను ఇంటి దగ్గరే కట్టేయాలి. మందు కలిపిన బకెట్టులో నీళ్లు తాగినా, తడిసిన ఆకుల్లో తిరిగి ఒళ్లు నాకినా చాలు. చొంగ, వణుకు, సూదిమొనంత కనుపాపలు కనిపిస్తే పాలు, నూనె తాగించొద్దు. చేతులకు తొడుగులు వేసుకుని సబ్బుతో కడిగి, మందు డబ్బా లేబుల్‌తో సహా పశువుల దవాఖానకు తీసుకెళ్లండి. విషం ఏ రకమో తెలిస్తేనే అట్రోపిన్ (కొన్ని రకాల పురుగుమందులకు విరుగుడు) ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు తేల్చగలరు.