థలసీమియా పిల్లలకు 'సీ కామెర్లు': పసరు దగ్గరికి కాదు, ఆర్‌ఎన్‌ఏ టెస్టుకి రండి

శ్రీకాకుళంలో రక్తం ఎక్కించే వార్డులో నర్సుగా పని చేస్తున్నాను. థలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాక, క్రమం తప్పకుండా రక్తం ఎక్కించుకోవాల్సిన పుట్టు జబ్బు. ఈ ప్రశ్న వినని నెల లేదు: "సిస్టరమ్మా, మా గుంటడికి సీ కామెర్లంట. ఇంక రక్తం ఎక్కించకూడదంట కదా?"

అపోహ: హెపటైటిస్ సి (ఊళ్ళల్లో 'సీ కామెర్లు' అనే లివర్ వైరస్ జబ్బు) పాజిటివ్ వస్తే మందు లేదు, రక్తం ఆపేయాలి.

రెండూ తప్పే. యాంటీబాడీ అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునేది. ఆ టెస్టు పాజిటివ్ అంటే ఆ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. కొందరిలో దానంతటదే పోతుంది. ఇప్పుడు ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ టెస్టు. ఉన్నా సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ లాంటి మాత్రలున్నాయి. ఎక్కువమందికి 12 వారాల కోర్సు, నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. పిల్లల డోసు డాక్టరే నిర్ణయిస్తారు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఈ టెస్టులూ మందులూ ఉచితం. నయమయ్యాక కూడా యాంటీబాడీ పాజిటివ్‌గానే చూపిస్తుంది, అది చూసి మళ్ళీ టెన్షన్ పడకండి.

ఈ భయానికి ఒక కారణం ఉంది. పూర్వం ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లతో పాటు రిబావిరిన్ ఇచ్చేవారు. అది ఎర్ర కణాలను విరగ్గొట్టేది, మన పిల్లలకు రక్తం ఇంకా ఎక్కువ కావాల్సి వచ్చేది. ఆ రోజులు పోయాయి, మాట మాత్రం ఊళ్ళల్లో తిరుగుతూనే ఉంది.

మందస వైపు నుంచి వచ్చిన ఒక బాబును మర్చిపోలేను. కళ్ళు పచ్చబడ్డాయని రెండు నెలలు రక్తం మానేసి పసరు తాగించారు, మణికట్టు మీద వాత పెట్టించారు. మా దగ్గరికి వచ్చేసరికి హీమోగ్లోబిన్ 4. గోళ్ళు కాగితంలా తెల్లగా ఉన్నాయి, వాత ఇంకా పచ్చిగానే ఉంది. గుండె మీద భారం పడకుండా కొంచెం కొంచెంగా రెండు రోజులు ఎక్కించాం. ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు వచ్చింది: వైరస్ లేదు. ఆ పచ్చదనం థలసీమియాదే, రక్తం అందక ఇంకా పెరిగింది. ఆ తల్లిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. పసరు తాగించమని చెప్పినవాళ్ళ మీదే కోపం.

మిగతావి క్లుప్తంగా చెప్తాను.

సొంతవాళ్ళ రక్తమే సేఫ్ అంటారు. కాదు. మొహమాటానికి ఇచ్చే బంధువు తన జబ్బు దాచొచ్చు. పైగా ముందుముందు బోన్ మ్యారో (ఎముక మజ్జ) మార్పిడి చేయించాలనుకుంటే అమ్మానాన్న, తోబుట్టువుల రక్తం ఎక్కించకూడదు.

టెస్టు చేసిన రక్తంతో హెపటైటిస్ సి అసలు రాదా? విండో పీరియడ్‌లో, అంటే వైరస్ సోకిన కొత్తలో ఉన్న దాత రక్తం టెస్టుకి దొరక్కపోవచ్చు. వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే న్యాట్ టెస్టు ఆ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది, సున్నా చేయదు. అందుకే ఏడాదికోసారైనా సి టెస్టు చేయించాలి. హెపటైటిస్ బి కి టీకా ఉంది, సి కి లేదు. బి టీకా వేయించి ఊరుకోకుండా టైటర్ (టీకాతో వచ్చిన యాంటీబాడీ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష) కూడా చూపించండి. 10 mIU/mL దాటాలి.

ఒకే కంచంలో తింటే అంటదు. బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం వేరుగా ఉంచండి.

ఐరన్ తగ్గించే మాత్రలు లివర్ పాడు చేస్తాయని సొంతంగా ఆపకండి. రక్తం ఎక్కించేకొద్దీ ఒంట్లో పేరుకున్న ఐరనే లివర్‌ను తినేస్తుంది, దానికి వైరస్ తోడైతే మరీ వేగంగా.

ఆ బాబు ఇప్పుడు 20 రోజులకోసారి వస్తున్నాడు. మొన్న వాళ్ళమ్మ సంచిలోంచి టీకా కార్డు తీసి, మూడో డోసు ఏ తారీఖునో పెన్నుతో రాయించుకుని వెళ్ళింది.