ఆపరేషన్ నొప్పి, పాత అలవాటు: మత్తు డాక్టరు దగ్గర దాచబాకండి

ఒంగోలులో మత్తు డాక్టర్ని. మా పేరులోనే మత్తు ఉన్నా, ఆ ఊసు మా దగ్గర ఎత్తడానికి జనం జంకుతారు. ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి మందు) బిళ్ళలకు అలవాటుపడిన మనిషి ఆపరేషన్‌కు వస్తే ఇంట్లోవాళ్లు దాస్తారు. బయటపడితే ఇంకో పాట.

అపోహ: "అలవాటున్నోడికి నొప్పి ఇంజెక్షన్ ఇస్తే మళ్ళీ పాడైపోతాడు."

వాస్తవం: ఇవ్వకపోతేనే పాడవుతాడు. నొప్పి తట్టుకోలేక బయట నుంచి బిళ్ళలు తెప్పించుకుంటాడు, లేదా కుట్లతోనే ఇంటికెళ్లిపోతాడు. రోజూ వేసుకునే మోతాదు అతని ఒంటికి విత్‌డ్రాయల్ (మందు అందక ఒళ్లు పడే బాధ) రాకుండా ఆపడానికే సరిపోతుంది. కోత నొప్పికి పైన వేరేగా ఇవ్వాలి. పైగా ఏళ్ల తరబడి వాడినవాళ్లకు నొప్పి మనకన్నా ఎక్కువగా తెలుస్తుంది. అది నటన కాదు.

చీమకుర్తి క్వారీలో టిప్పర్ డ్రైవర్ ఒకతను. తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. ఆ రాత్రి నర్సు ఫోన్: "గంటకోసారి సూది అడుగుతున్నాడు సార్, యాక్టింగ్." నిద్రకళ్లతో పెంటజోసిన్ అనే నొప్పి ఇంజెక్షన్ వేయమన్నాను. కాసేపటికే చెమటలు, ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా గగుర్పాటు. నేను వెళ్లేసరికి వరండాలో అతని భార్య పక్కకు పిలిచింది. "నడుం నొప్పికని మొదలుపెట్టాడు సార్, ఇప్పుడు రోజుకు ఎనిమిది బిళ్ళలు. పొద్దున కూడా మింగాడు. మా మామకు చెప్పబాకండి." పెంటజోసిన్ ఒంట్లో ఉన్న ఓపియాయిడ్‌ను పక్కకు నెట్టి విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. ఆమె దాచింది సరే, ఆపరేషన్‌కు ముందు నేనూ అడగలేదు. తొడ నరానికి బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇచ్చి, పారాసెటమాల్ వేళ తప్పకుండా పడేలా చూసి, పెంటజోసిన్ ప్రభావం దిగాక మార్ఫిన్ మామూలుకన్నా ఎక్కువే ఇచ్చాం, ఊపిరి కనిపెట్టుకుంటూ. తెల్లారుజామున నిద్రపోయాడు.

"చెబితే పోలీసు కేసవుతుంది" అంటారు. 2018లో ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నియంత్రణ) చట్టం కిందికి తెచ్చినప్పటి నుంచి ఈ భయం ఎక్కువైంది. అలవాటుందని చెప్పినందుకు మేం పోలీసులను పిలవం. ఏ బిళ్ళ, రోజుకు ఎన్ని, చివరిది ఎప్పుడు: మోతాదు లెక్కకు మాకు కావాల్సింది ఇదే. నలుగురిలో చెప్పలేకపోతే చీటీ మీద రాసివ్వండి.

అలవాటు మానడానికి నాలుక కింద బ్యూప్రెనార్ఫిన్ పెట్టుకునేవాళ్లు ఆపరేషన్ ఉందని సొంతంగా ఆపేస్తున్నారు. మమ్మల్ని అడగకుండా ఆపొద్దు, చాలామందికి ఆపరేషన్ రోజు కూడా వేసుకోమనే చెబుతాం. అలవాటు మళ్ళీ రాకుండా ఇచ్చే నాల్ట్రెక్సోన్ దీనికి పూర్తిగా ఎదురు. అది ఒంట్లో ఉంటే మార్ఫిన్ పనిచేయదు. బిళ్ళయితే కనీసం మూడు రోజుల ముందు, నెలకోసారి ఇంజెక్షనయితే దాదాపు నెల ముందు ఆపాలి, అదీ రాసిన డాక్టరుకు చెప్పాకే. తాగుడు మానడానికి కూడా ఈ బిళ్ళే రాస్తారు. "మందు మానడానికి మందు" అని నవ్వి ఊరుకోకుండా ఆ స్ట్రిప్ తెచ్చి మాకు చూపించండి.