ముదిరే జబ్బుకి ఒక్కరోజు కొలత

విజయవాడలో వార్డు సచివాలయం ముందు కాసేపు కూర్చుంటే తరచూ వినపడే ప్రశ్న: "నీకెంత వేశారు?" అడిగేది డబ్బు గురించి కాదు, వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌లో వేసిన శాతం గురించి. నలభై పడితే పింఛను, ముప్పై తొమ్మిది పడితే ఇంటికి.

మా మావయ్యకి మొదటిసారి ముప్పై వేశారు. ఆటోనగర్‌లో పాతికేళ్ళకు పైగా లేత్ మీద పనిచేసిన మనిషి. యాభై ఏళ్ళప్పుడు కుడిచేతి బొటనవేలు దానంతట అదే ఆడటం మొదలుపెట్టింది. నరాల బలహీనత అనుకుని రెండేళ్ళు బి కాంప్లెక్స్ మాత్రలు మింగాక పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు, అని తేలింది. క్యాంపు రోజు పొద్దున్నే మందు వేసుకుని వెళ్ళారు, వేసుకోకపోతే మంచం దిగలేరు మరి. నాలుగడుగులు వేయమన్నారు, వేశారు. పిడికిలి బిగించమన్నారు, బిగించారు. "బాగానే నడుస్తున్నారు కదండీ" అన్నారు డాక్టరు గారు. మధ్యాహ్నం మందు బలం దిగిపోయాక అదే మనిషిని ఆటోలోంచి ఇద్దరం పట్టి దించాం.

ఆ డాక్టరు అబద్ధం రాశారని నేననను. కళ్ళకు కనపడిందే రాశారు. చిక్కంతా ఆయన చేతికిచ్చిన కొలబద్దలో ఉంది. దాని కథ చాలా పాతది.

శరీరానికి జరిగిన నష్టాన్ని శాతాల్లో లెక్కకట్టడం మన చట్టాల్లో కనీసం 1923 నుంచీ ఉంది. ఆ ఏడాది వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం చివర ఒక పట్టిక ఉండేది. మిల్లులో రెండు చేతులూ పోతే సంపాదన శక్తి నూటికి నూరు పోయినట్టు. బొటనవేలు పోతే 30. తెగిన వేలు మళ్ళీ మొలవదు, అలాగని ఏటేటా ఇంకాస్త తెగదు కూడా. ఒకసారి కొలిస్తే జీవితాంతం అదే లెక్క. మావయ్యకి బొటనవేలు ఉంది, పనిచెయ్యదు, అంతే. ఆయనకీ 30 పడటం చూసి ఇంట్లో నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత దశాబ్దాల్లో వైకల్యం అనగానే మన కళ్ళముందు మెదిలిన బొమ్మ పోలియో కాలు. 2011 జనవరిలో దేశంలో చివరి కేసు నమోదయ్యేదాకా ప్రతి ఊళ్ళోనూ కాలిపర్స్ వేసుకున్న పిల్లలు కనపడేవాళ్ళు. పోలియో కాలు కూడా తెగిన వేలులాంటిదే, చాలావరకు స్థిరంగా ఉంటుంది. ఎముకల డాక్టరు టేపు పట్టి కొలిచి సంతకం పెట్టగలరు.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది, 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలైంది. దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల గురించి గట్టిగా మాట్లాడిన మొదటి చట్టం అదే, ఆ గౌరవం దానికి దక్కాలి. కానీ అందులో లెక్కకొచ్చేవి ఏడే: అంధత్వం, చూపు మందగించడం, నయమైన కుష్ఠు, వినికిడి లోపం, చలన వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక రోగం. నలభై శాతం గీత కూడా ఈ చట్టంలో ఉండేది. చలన వైకల్యం అంటే ఎముకలు, కీళ్ళు, కండరాల లోపం వల్ల కాళ్ళూ చేతులూ ఆడకపోవడం అని నిర్వచనం. దానికి సెరిబ్రల్ పాల్సీని జోడించారు. పార్కిన్సన్స్‌లో ఎముకా బాగానే ఉంటుంది, కీలూ బాగానే ఉంటుంది. చెడిపోయేది మెదడులో కదలికలకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) జబ్బులో నరాల మీది పొర దెబ్బతింటుంది. చట్టం చదివితే ఈ జబ్బులున్నవాళ్ళు ఎక్కడా కనపడరు.

అలాగని ఇవి కొత్త జబ్బులు కావు. జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు వణుకుడు జబ్బు గురించి రాసింది 1817లో. మన ఆయుర్వేదం దాన్ని కంపవాతం అంది; వాడే మందుల్లో ఒకటైన దూలగొండి గింజల్లో ఉండేది లెవోడోపానే. మావయ్య రోజూ మింగే మాత్రలో ఉన్నదీ అదే. అన్నిటికన్నా నాకు విచిత్రంగా తోచేది ఆదాయపు పన్ను శాఖ సంగతి. వైద్య ఖర్చుల మినహాయింపుకి సంబంధించిన 80డిడిబి సెక్షన్ కింద 11డిడి అనే నియమం ఉండేది. 2016లో కొత్త దివ్యాంగుల చట్టం రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే అందులో పార్కిన్సన్స్, మోటార్ న్యూరాన్ జబ్బు, డిమెన్షియా, అటాక్సియా పేరుపేరునా ఉన్నాయి, నలభై శాతం వైకల్యం ఉండాలన్న షరతుతో. పన్ను కట్టగలిగినవాడి జబ్బు ముందే కనపడింది. లేత్ కార్మికుడి జబ్బు కనపడటానికి ఇంకా టైం పట్టింది.

ఈలోగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సదరం వచ్చింది. అంతకుముందు జిల్లా ఆసుపత్రిలో మెడికల్ బోర్డు, చేతిరాత సర్టిఫికెట్, మధ్యలో దళారీ. 2009-10 ప్రాంతంలో ఈ వ్యవహారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. క్యాంపులు పెట్టి, వివరాలు సాఫ్ట్‌వేర్‌లో వేస్తే శాతం అదే తేల్చేది. దొంగ సర్టిఫికెట్లకు అడ్డుకట్ట వేయాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే సాఫ్ట్‌వేర్‌కి తెలిసినవి పాత చట్టానికి తెలిసిన జబ్బులే.

అసలు మలుపు 2016. వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007లోనే ఆమోదించింది, దానికి తగ్గ చట్టం రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది. ఏడు కాస్తా ఇరవై ఒకటి అయ్యాయి. 'దీర్ఘకాలిక నరాల జబ్బులు' అనే కొత్త శీర్షిక కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లు చేరాయి. కండరాల క్షీణత, అంటే మస్కులర్ డిస్ట్రఫీ, చలన వైకల్యం కిందికి వచ్చింది.

పేరైతే ఎక్కింది గానీ అన్ని తలుపులూ తెరుచుకోలేదు. ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చే 34వ సెక్షన్ చదవండి. చూపు, వినికిడి, చలన వైకల్యం, కండరాల క్షీణత, ఆటిజం, మానసిక రోగం ఉన్నాయి. పార్కిన్సన్స్, ఎంఎస్ లేవు. మరోవైపు చాలామందికి తెలియని మేలు 20వ సెక్షన్‌లో ఉంది: ప్రభుత్వోద్యోగికి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. అదీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలి. 1995 చట్టంలోనూ 47వ సెక్షన్‌గా ఇది ఉండేది. వణుకు మొదలవ్వగానే సిగ్గుపడి వాలంటరీ రిటైర్మెంట్ పెట్టేసిన టీచర్లు గుంటూరులో నాకే ఇద్దరు తెలుసు. ఒక్కరూ ఈ సెక్షన్ పేరు వినలేదు.

శాతం ఎలా వేయాలో చెప్పే మార్గదర్శకాలు 2018 జనవరిలో వచ్చాయి, 2024 మార్చిలో మళ్ళీ మారాయి. ఒకే మనిషికి రెండు రకాల లోపాలుంటే కలిపే పద్ధతి మాత్రం 2001 నాటి మార్గదర్శకాల నుంచీ వస్తున్నదే, దాన్ని తెలుసుకోవాలి. ఒకదానికి 25, ఇంకోదానికి 15 వస్తే మనం 40 అనుకుంటాం. కాదు. 90లోంచి పెద్ద అంకె 25 తీసేస్తే 65. దాన్ని 15తో హెచ్చించి 90తో భాగిస్తే పదకొండుకి కాస్త తక్కువ. 25కి అది కలిపితే 36 లోపే. చేతి వణుకుతో పాటు మాట తడబాటు, మతిమరుపు, మింగడంలో ఇబ్బంది, అన్నీ కొంచెం కొంచెంగా ఉండే జబ్బుకి ఈ లెక్క కలిసిరాదు. ఏ ఒక్కటీ విడిగా భయపెట్టేంత పెద్దది కాదు, అన్నీ కలిసి మనిషిని కూర్చోబెడతాయి.

ఇంతటి టెన్షన్ ఈ అంకె చుట్టూ ఎందుకు పేరుకుందో అర్థం కావాలంటే పింఛను పెరిగిన తీరు చూడాలి. 2014 అక్టోబరుకి ముందు దివ్యాంగుల పింఛను నెలకి 500 రూపాయలు. అప్పుడు 40 నుంచి 79 శాతం దాకా 1000, 80, ఆపైన ఉంటే 1500 చేశారు. 2019 జులై నుంచి 3000. 2024 జులై 1న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తాడేపల్లి మండలం పెనుమాకలో లబ్ధిదారుల ఇంటికి వెళ్ళి పెంచిన పింఛన్లు ఇచ్చారు: వృద్ధులకు 4000, దివ్యాంగులకు 6000, మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవాళ్ళకి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవాళ్ళకి 15000. అదే పనికి కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ దివ్యాంగ పింఛను 300, అదీ దారిద్ర్యరేఖ కింద ఉండి 80 శాతం, ఆపైన వైకల్యం ఉంటేనే. రాష్ట్రం ఇచ్చేది నిజంగా పెద్ద మొత్తమే. అందుకే గీతకి అటూ ఇటూ ఇంత తేడా. 39కి సున్నా, 40కి నెలకి 6000. పైగా అరవై దాటినవాళ్ళకి వృద్ధాప్య పింఛను ఆసరా ఉంటుంది. మావయ్యలాగా ముందే జబ్బు వచ్చినవాళ్ళకి ఈ గీత తప్ప ఇంకో దారి లేదు.

డబ్బు పెరిగాక అనుమానమూ పెరిగింది. అనర్హులు తీసుకుంటున్నారని 2025 జనవరిలో ప్రభుత్వం తనిఖీ మొదలుపెట్టింది. ముందు 15000 తీసుకునేవాళ్ళ ఇళ్ళకి డాక్టర్ల బృందాలు వెళ్ళాయి, తర్వాత మిగతావాళ్ళని ఆసుపత్రులకి పిలిచారు. ఆగస్టులో నోటీసులు వచ్చాయి: 40కి తగ్గినవాళ్ళకి, వైకల్యం 'తాత్కాలికం' అని తేలినవాళ్ళకి. గొడవ అయ్యాక అప్పీలుకి అవకాశం ఇచ్చారు. దొంగలు లేరని నేను చెప్పను, ప్రతి వీధికీ ఒక కథ ఉంటుంది. కానీ ఆ 'తాత్కాలికం' అనే మాట దగ్గర ఆగాలి. వైకల్యం తీవ్రత మారే అవకాశం ఉంటే సర్టిఫికెట్‌కి గడువు వేయాలని కేంద్ర నిబంధన. కాలు విరిగి అతుక్కునేవాడికీ గడువే, పార్కిన్సన్స్‌తో ఏటా దిగజారేవాడికీ గడువే. ఒకరిది తగ్గుతుందని, ఇంకొకరిది ముదురుతుందని. కాగితం మీద మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

మావయ్య రెండోసారి స్లాట్ తీసుకున్నప్పుడు న్యూరాలజిస్టు రాసిన వివరమైన కాగితం పట్టుకెళ్ళాం. మందు పనిచేసే గంటలు, పనిచేయని గంటలు వేరువేరుగా ఉన్నాయి అందులో. ఈసారి మాట కూడా పరీక్షించారు. 42 వేశారు, ఐదేళ్ళ గడువుతో.

ఇప్పుడు అత్తయ్య ఒక రూళ్ళ పుస్తకంలో రోజూ రాస్తోంది. ఆరింటికి మాత్ర. ఆరూ నలభైకి చెయ్యి తేలిక. తొమ్మిదింపావుకి కాళ్ళు నేలకి అతుక్కున్నాయి, ఇరవై నిమిషాలు. మొదట్లో మావయ్యే రాసేవారు. ఆయన అక్షరాలు చీమలంత చిన్నవైపోయి ఎవరికీ కనపడకపోవడంతో అత్తయ్య పెన్ను తీసుకుంది. గడువు తీరి మళ్ళీ పిలిచిన రోజున ఆ పుస్తకం పట్టుకెళ్ళాలి.