పేడలో నిన్నటి టెన్షన్

ఆవు ఎంత ఒత్తిడిలో ఉందో తెలుసుకోవాలని దాన్ని కట్టేసి, మెడ దగ్గర సూది గుచ్చి రక్తం తీశామనుకోండి. ఆ పెనుగులాటకే రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కొద్ది నిమిషాల్లో పెరిగిపోతుంది. ఇక మనం కొలిచేది ఆవు రోజూ పడే బాధనా, అప్పుడే మనం పెట్టిన బాధనా? కొట్టంలో రోజూ ఎత్తిపోసే పేడలోనూ కార్టిసాల్ ఆనవాళ్లుంటాయి, పరిశోధకులకు దాని మీద ఆసక్తి కలిగింది ఇందుకే. పేడ తీసుకున్నట్టు ఆవుకు తెలియను కూడా తెలియదు.

కొత్త మనిషి పొదుగు దగ్గర కూర్చుంటే ఆవు చేపదని చిత్తూరు పల్లెల్లో పాలు పితికే ప్రతి ఒక్కరికీ తెలుసు. బెదిరిన ఆవులో పాలు దిగేలా చేసే ఆక్సిటోసిన్ హార్మోన్ సరిగా విడుదల కాదు. ఈ రకం భయం కంటికి కనిపిస్తుంది. రేకుల షెడ్డు కింద వేసవంతా నిలబడే హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడి జాతి) సంకర ఆవు బాధ అంత సులువుగా కనిపించదు. ఉష్ణోగ్రతను, గాలిలో తేమను కలిపి లెక్కగట్టే సూచి 72 దాటితే ఇలాంటి పాడి ఆవులకు వేడి భారం మొదలవుతుందంటారు. ఎక్కువ పాలిచ్చేవాటికి అంతకన్నా ముందే. మే నెల తిరుపతిలో ఆ గీత దాటకుండా ఒక్క పగలు కూడా గడవదు.

కార్టిసాల్ పేడలోకి ఎలా వస్తుంది? మెదడు సంకేతంతో పిట్యూటరీ గ్రంథి, దాని హార్మోన్‌తో మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు పనిలోకి దిగి కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. కాలేయం దాని రూపు మార్చి పైత్యరసంతో పేగుల్లోకి పంపుతుంది. పేడలోకి చేరేసరికి అసలు కార్టిసాల్ దాదాపు మిగలదు. రక్తానికి వాడే కిట్ ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం అదే. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయంలో రూపర్ట్ పామే బృందం ఆ మారిన రూపాలనే పట్టుకునే పరీక్షలను తయారుచేసింది. పేడను మిథనాల్‌లో కలిపి, వాటిని ద్రవంలోకి లాగి, వాటికి అతుక్కునే యాంటీబాడీల సాయంతో కొలుస్తారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది సమయం. ఆవుల్లో కార్టిసాల్ రక్తం నుంచి పేడలోకి చేరడానికి సుమారు 10 నుంచి 12 గంటలు పడుతుంది. పలమనేరులో పొద్దున్నే వ్యాన్ ఎక్కించిన ఆవు తిరుపతిలో దిగగానే వేసే పేడలో ఆ ప్రయాణం ఉండదు, ముందురోజు రాత్రి ఉంటుంది. వ్యాన్ కుదుపులు, కొత్త చోటు బెదురు ఆ రాత్రి పేడలో దొరుకుతాయి. ఇది తెలియక దిగిన వెంటనే నమూనా తీస్తే, ప్రయాణం ఆవును ఏమీ చేయలేదని రాసుకుంటాం. నమూనాను వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి కూడా, లేకపోతే పేడలోని బ్యాక్టీరియా ఆ పదార్థాలను మార్చేస్తుంది.

పాలలోని కార్టిసాల్ గత కొన్ని గంటల సంగతి చెబుతుంది, వెంట్రుకల్లోది వారాల, నెలల సంగతి. వెంట్రుకలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే రంగువి కత్తిరించాలి. నల్ల మచ్చ మీదివీ తెల్ల మచ్చ మీదివీ పోల్చకూడదు.

ఇన్ని మార్గాలున్నా, ఒక్క అంకె చూసి ఆవు సుఖంగా ఉందనో లేదనో తేల్చడం నాకు నచ్చదు. ఈనేటప్పుడు కార్టిసాల్ పెరుగుతుంది, పరుగెత్తినా పెరుగుతుంది. వేడి వారాల తరబడి సాగితే శరీరం సర్దుకుని అంకె తగ్గనూ వచ్చు, బాధ మాత్రం తగ్గదు. అందుకే ఆవును దాని పాత లెక్కతోనే పోల్చాలి. షెడ్డు మీద కొబ్బరాకులు కప్పకముందు కొన్ని రోజులు, కప్పాక కొన్ని రోజులు, ఒకే వేళకు పేడ తీయాలి. దాంతోపాటు ఆవు ఎంత మేసింది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసింది, ఎంతసేపు పడుకుని నెమరేసిందీ రాసుకోవాలి. తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఈ లెక్క ప్రయోగశాలలోనే ఆగిపోకుండా, మన రైతుల రేకుల షెడ్ల కిందికి రావాలని నా కోరిక.