ఉచితంగా పంచితే తప్పేంటి? ఈ-పుస్తకాల సర్వర్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల తెలుగువాళ్లం కొంతమందిమి కలిసి ఒక ఈ-పుస్తకాల అల్మరా నడుపుకుంటున్నాం. మా ఇంట్లో టీవీ పక్కన ఒక పాత ల్యాప్‌టాప్ (అదే మా సర్వర్), దాంట్లో ఈ-పుస్తకాలను బ్రౌజర్‌లో చూపించే కాలిబర్-వెబ్ అనే సాఫ్ట్‌వేర్, వానొస్తే కరెంటు పోతుంది కాబట్టి ఒక యూపీఎస్. అడ్మిన్ పని నాది. కొత్తగా చేరినవాళ్లు అడిగేవీ, తమకు తెలుసనుకుని నాకు చెప్పేవీ దాదాపు ఒకటే. ఒక్కొక్కరికీ విడిగా టైపు చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డబ్బులు తీసుకోవట్లేదు కదా, ఏ పుస్తకమైనా పెట్టుకోవచ్చు.

పెట్టుకోకూడదు. కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 63 ప్రకారం తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే జడ్జి కారణం రాసి శిక్ష తగ్గించవచ్చు. శిక్ష తగ్గుతుందేమో గానీ తప్పు ఒప్పైపోదు. 'లాభాపేక్ష లేదు' అని గ్రూపు డిస్క్రిప్షన్‌లో రాసుకుంటే రక్షణ అనుకునేవాళ్లకి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

వెంటనే వచ్చే ఎదురు ప్రశ్న: 'మరి నేను కొన్న పుస్తకం ఫ్రెండుకి ఇవ్వట్లేదా?' ఇవ్వండి, నిక్షేపంగా. కాగితం పుస్తకం ఇస్తే మీ చేతిలోంచి పోతుంది, చాలాసార్లు తిరిగి కూడా రాదు. ఫైలు పంపితే మీది మీ దగ్గరే ఉంటుంది, సాయంత్రానికి నలభై ఫోన్లలో ఉంటుంది. అది అరువు కాదు, కాపీ. కొన్న ఈ-బుక్‌కి కాపీ చేయకుండా వేసిన డిజిటల్ తాళం తీసి మరీ పంచడానికైతే 2012 సవరణలో వచ్చిన సెక్షన్ 65ఎ వేరే ఉంది.

చట్టం సంగతి అలా ఉంచండి. ఆ మధ్య ఇక్కడ జరిగిన ఒక సాహిత్య సమావేశంలో, సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న ఒక కథకుడి దగ్గరికి ఒకాయన వెళ్లి, 'సార్, మీ పుస్తకం పీడీఎఫ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరం చదివేశాం, అద్భుతం!' అన్నాడు. పాపం, నిజంగా మెచ్చుకుంటూనే అన్నాడు. రచయిత నవ్వి, 'ఎంతమంది ఉంటారండీ గ్రూపులో?' అని అడిగాడు. ఎదురుగా బల్ల మీద అదే పుస్తకం దొంతర పెట్టి ఉంది, కట్ట కూడా విప్పలేదు. తెలుగులో పుస్తకం వేస్తే ఐదొందలో వెయ్యో కాపీలు. అందులో నలభైమంది కొనకపోవడం అంటే మాటలా? తర్వాత ఆయన్ని మర్యాదగా అడిగితే, తన మొదటి సంపుటి మా సర్వర్‌లో పెట్టుకోమని మెయిల్ ఇచ్చారు. కొత్తది మాత్రం కొనుక్కోమన్నారు. అడిగితే ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. మనవాళ్లకి అడగడమే నామోషీ.

అపోహ: పాత పుస్తకమేగా, మార్కెట్లో కూడా దొరకట్లేదు.

దొరక్కపోవడానికీ హక్కులకీ సంబంధం లేదు. మన దేశంలో లెక్క ఇది: రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. గురజాడ పోయింది 1915లో, ఆయన రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. చలం 1979లో పోయారు, అంటే 2039 చివరి దాకా హక్కులు ఉంటాయి. శ్రీశ్రీవి 2043 దాకా. అనువాదాలతో ఇంకో చిక్కు: టాగోర్ 1941లో పోయారు కాబట్టి మూలం స్వేచ్ఛగా వాడుకోవచ్చు, కానీ తెలుగు చేసినవారి హక్కు వేరే. గురజాడ పుస్తకానికైనా నిన్నమొన్న ఎవరో రాసిన ముందుమాట వాళ్లదే. అందుకే ఎవరైనా పుస్తకం పంపితే నేను ముందు టైటిల్ పేజీ వెనక్కి తిప్పి అనువాదకుడు ఎవరు, ముద్రణ ఏది అని చూస్తాను.

'ఆర్కైవ్‌లో ఉందండీ, అంటే ఫ్రీయే కదా' అనేవాళ్లకి: ప్రచురణకర్తలు వేసిన కేసులో ఇంటర్నెట్ ఆర్కైవ్ (స్కాన్ చేసిన పుస్తకాలు ఉచితంగా చదవనిచ్చే వెబ్‌సైటు) అమెరికాలో 2023లో ఓడిపోయింది, 2024లో అప్పీలులోనూ ఓడింది. అక్కడ కనిపించినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

ఇదంతా చదివి టెన్షన్ పడేవాళ్లూ ఉంటారు. 'పీడీఎఫ్‌లు ఉన్న ఫోన్లు పోలీసులు పట్టుకుంటున్నారు' అని ఒక చెత్త ఫార్వర్డ్ తిరిగినప్పుడు, మా గ్రూపులో ఒక రిటైర్డ్ మాష్టారు రాత్రి పదింటికి ఫోన్ చేశారు. 'బాబూ, నేను వీరేశలింగంగారి స్వీయచరిత్ర దించుకున్నాను, తీసేయమంటావా?' గొంతులో నిజంగా భయం ఉంది. 'ఆయన పోయి వందేళ్లు దాటింది మాష్టారూ, 1919. హాయిగా చదువుకోండి' అన్నాను. అయినా ఇంకోసారి అడిగి గానీ ఫోన్ పెట్టలేదు. ఆ ఫార్వర్డ్ పంపినవాడు మాత్రం సుఖంగా నిద్రపోయే ఉంటాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

'మన గ్రూపు లోపలే కదా': బయటి ఇంటర్నెట్ నుంచి సర్వర్‌కి రావడానికి రౌటర్‌లో పోర్ట్ (దారి) తెరిచి, కాలిబర్-వెబ్‌తో వచ్చే admin123 పాస్‌వర్డ్ అలాగే వదిలేస్తే లోపలేమీ లేదు, ఊరంతా బయటే. ముందు అది మార్చండి. పోర్ట్ తెరవకుండా వీపీఎన్ (మనవాళ్లకి మాత్రమే తెరుచుకునే దారి) పెట్టుకుంటే ఇంకా మేలు.

'రెండు డిస్కుల్లోనూ అవే పుస్తకాలు ఎప్పటికప్పుడు పడుతున్నాయి, బ్యాకప్ అక్కర్లేదు': ఒక డిస్కు పాడైతే రెండోది కాస్తుంది. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోంచీ ఒకేసారి పోతుంది. ఇంకో ఇంట్లో ఒక కాపీ ఉండాలి.

'కిండిల్‌కి మోబీయే కావాలి': మోబీ, ఈపబ్ అనేవి ఈ-బుక్ ఫైలు రకాలు. కిండిల్‌కి ఫైళ్లు పంపే అమెజాన్ సౌకర్యం సెండ్-టు-కిండిల్ 2022 నుంచి ఈపబ్ తీసుకుంటోంది. ఈపబ్ తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గీతలు కలగాపులగంగా కనిపిస్తే తప్పు కిండిల్‌ది కాకపోవచ్చు. డీటీపీలో వాడే అను ఫాంట్లలో (ఇవి లోపల ఇంగ్లీషు అక్షరాలే, పైకి తెలుగుగా కనిపిస్తాయి) టైపు చేసిన మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి (ఎక్కడైనా తెలుగుగానే చదవగలిగే పద్ధతిలోకి) మార్చకుండా ఈపబ్ చేసినప్పుడు అలాగే వస్తుంది. అలాంటి ఫైల్లో వెతికినా ఒక్క తెలుగు మాట దొరకదు. మార్చి పంపండి, ఎక్కిస్తాను.