భువనగిరి గుట్ట ఎక్కేముందు

పిల్లలూ,

దసరా సెలవులకు వస్తే భువనగిరి గుట్ట ఎక్కిస్తానన్నానని, "అదేమన్నా ఎవరెస్టా తాతా" అని నవ్వుకున్నారట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎవరెస్టేం కాదు. 500 అడుగులు దాటిన ఒంటి బండ, అంతే. కానీ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తాడు పట్టుకుని రాతి మీద కాలు మోపడం నేర్చుకున్నది ఈ బండ మీదే. పూర్ణకు అప్పుడు 13 ఏళ్లు. కాబట్టి ఆ నవ్వేదేదో పైకి ఎక్కాక నవ్వండి.

మనకు తాళ్లూ గీళ్లూ అక్కర్లేదు. మెట్లున్నాయి, మెట్లు లేని చోట కాలు ఆనేట్టు బండను చెక్కారు. తాపీగా ఎక్కినా గంట పడుతుందేమో. పైన ఫొటోలు తీసుకుంటారు, వద్దనను. నాకు మాత్రం అక్కడినుంచి మీకు నీళ్ల దారి చూపించాలని ఉంది. వాన ఎక్కడ పడుతుంది, ఎటు జారుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎవరి పొలంలోకి పోతుంది. కింద నిలబడితే ఇది అర్థం కాదు. ఇళ్లూ చెట్లూ గోడలూ అడ్డం వస్తాయి.

సగం దూరం పోయాక ఎలాగూ ఆయాసం వస్తుంది. అక్కడ కూర్చున్నప్పుడు ఫోన్ జేబులో పెట్టి బండను దగ్గరగా చూడండి. దూరం నుంచి బూడిద రంగులో కనిపించేది, దగ్గరికి పోతే రంగురంగుల పలుకులు. లేత గులాబీ రంగువి, తెల్లనివి ఫెల్డ్‌స్పార్. గాజులా మసకగా ఉండేది క్వార్ట్జ్. ఎండకు తళుక్కుమనే నల్ల చుక్కలు అభ్రకం. ఇది గ్రానైటు. మన దక్షిణ తెలంగాణ గుట్టల్లో ఎక్కువ భాగం ఇదే రాయి, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల ఎంతో లోతున, కరిగిన ముద్ద మెల్లగా చల్లారి గడ్డకట్టింది. మెల్లగా చల్లారింది కాబట్టే పలుకులు కంటికి కనిపించేంత పెద్దగా పెరిగాయి. కోట్ల ఏళ్లలో పైనున్న నేల, రాయి అరిగి కొట్టుకుపోయి ఇది బయటపడింది.

అంత బరువు నెత్తి మీది నుంచి దిగిపోయేసరికి బండ కాస్త వ్యాకోచించి, పైభాగం పొరలు పొరలుగా చిట్లింది. ఉల్లిగడ్డ పొర లేచినట్టు రాతి పలకలు లేచి ఉంటాయి, చూపిస్తాను. గుట్ట నున్నగా, గుండ్రంగా ఉండటానికి కారణం అదే. చెక్కినవాళ్లెవరూ లేరు.

బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కూడా కనిపిస్తాయి. ఎవరో తారు పోశారనుకుంటారు కొందరు. వాన పడ్డప్పుడు నీళ్లు ఎప్పుడూ అదే దారిన జారుతాయి. ఆ తడి తగిలినచోట సన్నటి సూక్ష్మజీవులు పొరలా పట్టుకుని, ఎండకు ఎండి నల్లబడతాయి. అంటే వాన లేని రోజున కూడా నీళ్లు ఏ దారిన వస్తాయో బండే చెబుతుంది. ఆ చారల మీద మాత్రం కాలు పెట్టకండి. తడిగా ఉంటే జర్రున జారుతుంది.

ఇప్పుడొక లెక్క. ఎకరం బండ మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్లు? 40 వేల లీటర్లు. మీ అపార్ట్‌మెంటుకు ఎండాకాలం వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. పొలమైతే అందులో చాలా నీటిని తాగేస్తుంది. బండ తాగదు, దాదాపు అంతా కిందికి వదిలేస్తుంది. ఈ గుట్ట మీద ఒక పాత కోట ఉంది, అది 40 ఎకరాల్లో ఉందంటారు. మిగతా లెక్క మీరే వేసుకోండి.

కోట కట్టినవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. దీన్ని కట్టించాడని చెప్పే పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా ఏలాడు. ఆయనకు త్రిభువనమల్లుడని బిరుదు. త్రిభువనగిరి, భువనగిరి అన్న పేర్లు అందులోంచి వచ్చినవే. ఇంత ఎత్తున బండలో బావి తవ్వలేరు కదా, అందుకని రాతిలో గుండాలు తొలిచి వాననీళ్లు పట్టుకున్నారు. తర్వాత కాకతీయులు వచ్చారు, ఇంకా చాలామంది వచ్చారు. 18వ శతాబ్దం మొదట్లో సర్వాయి పాపన్న కూడా దీని మీదికి దండెత్తాడు. పైన ఫిరంగులు చూసి ఎగబడతారు గానీ, నన్నడిగితే కోటను నిలబెట్టింది ఆ గుండాలే. ఫిరంగి ఉండి నీళ్లు లేకపోతే ఎన్నాళ్లు?

పైకి చేరగానే చల్లగా అనిపిస్తుంది. ఎత్తుకు పోతే చలి అని మీకు స్కూల్లో చెప్పి ఉంటారు, కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కానీ మనం ఎక్కేది 150 మీటర్లు. ఆ లెక్కన తగ్గేది ఒక్క డిగ్రీ. చల్లదనమంతా గాలిది. కింద చెట్లకూ ఇళ్లకూ తగిలి గాలి వేగం తగ్గుతుంది, పైన దానికి అడ్డు లేదు. టోపీ పెట్టుకుంటే చేత్తో పట్టుకోండి.

ఎంత దూరం కనిపిస్తుందంటారా? ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.6తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. నేల మీద నిలబడ్డ మీకు నాలుగైదు కిలోమీటర్లు. 150 మీటర్ల మీది నుంచి, చుట్టూ నేల సమంగా ఉంటే, దాదాపు 44. భూమి గుండ్రంగా ఉండటం వల్ల అంతకు మించి కనిపించదు. నిజానికి దుమ్ము, మసక వల్ల అంత కూడా కనిపించదు. వాన వెలిసిన మర్నాడు దుమ్మంతా కడిగేసి ఉంటుంది కాబట్టి చూపు బాగా సాగుతుంది. బండ ఆరాకే ఎక్కుదాం.

ఈశాన్యం వైపు యాదగిరిగుట్ట. దక్షిణం వైపు మూసీ పారకం. హైదరాబాదులో మీరు స్నానం చేసి వదిలిన నీళ్లు ఆ దారినే పోతాయి, ఆ మురుగు నీళ్లతోనే ఇక్కడ వరి పండిస్తున్నారు. దాని గురించి నాకు చాలా కోపం ఉంది, మరో ఉత్తరంలో రాస్తా. ఇక్కడ పడ్డ వాన కూడా చివరికి మూసీలోకే చేరుతుంది, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

దగ్గర్లోని చెరువులను జాగ్రత్తగా చూడండి. ప్రతి చెరువుకూ ఒక పక్కనే వరి పచ్చగా ఉంటుంది, రెండో పక్క తుప్పలూ రాళ్లూ. ఎందుకో చెప్పగలరా? రెండింటి మధ్యా వంకర గీతలా కనిపించేది కట్ట. గుట్టల మీది నీళ్లు తుప్పల వైపు నుంచి వస్తాయి, కట్ట దగ్గర ఆగుతాయి, కట్ట కింద ఆయకట్టుకు పోతాయి. చెరువు నిండితే మత్తడి, అంటే అలుగు, దుంకి కింది చెరువుకు, అక్కడినుంచి దాని కింది చెరువుకు. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. కాకతీయుల కాలంలో ఈ పద్ధతి బాగా విస్తరించింది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో వీటి పూడిక తీయడం మొదలుపెట్టారు.

పూడిక తీశారు సరే, గుట్టలనే పిండి చేస్తుంటే చెరువులోకి నీళ్లెక్కడివి? పైనుంచి ఎక్కడైనా తెల్లగా దుమ్ము లేస్తుంటే అక్కడ క్రషర్ ఉందనుకోవచ్చు. ఇళ్లకు కంకర కావాలి, నిజమే, మా ఇల్లూ దాంతోనే కట్టాం. అయినా వాగు పుట్టే గుట్టను, వట్టి గుట్టను ఒకే లెక్కన పగలగొట్టడం నాకు నచ్చదు.

పాలమూరులో ఉన్న మీ చిన్నమ్మ పిల్లలు అంత దూరం నుంచి రానక్కర్లేదు. వాళ్లకు దగ్గర్లోనే ఇలాంటి కోట గుట్ట కోయిల్‌కొండ ఉంది. దేవరకొండ వాళ్లకు దేవరకొండే ఉంది.

చెప్పులతో రావద్దు, బూట్లేసుకోండి. తలా ఒక లీటరు నీళ్లు. పైన నీడ తక్కువ కాబట్టి పొద్దున్నే ఎక్కేద్దాం. తినేవి బ్యాగులో పెట్టి జిప్పు వేయండి, కోతులకు కవరు చప్పుడు చాలు. గోడల మీద పేర్లు రాస్తే అక్కడికక్కడే తిడతాను. తంగేడు, గునుగు పూసి ఉంటాయి, బతుకమ్మకని కోస్తే కొమ్మలు విరవకండి. దిగేటప్పుడు పరుగెత్తొద్దు. ఎక్కేటప్పుడు ఆయాసమే, దిగేటప్పుడే మోకాళ్లకు పని.

ఒక్కటి మాత్రం పైనుంచి కనిపించదు, తూము, అంటే చెరువు నీళ్లను పొలాలకు వదిలే దారి. అది కట్ట లోపల ఉంటుంది. దిగాక కట్ట మీదికి పోయి చూద్దాం.

మీ తాత