మొదటి ప్రశ్న మీకు తెలిసినదే అడగండి

అంబాజీపేట,
ఆదివారం

చిరంజీవులు పెద్దవాడికి, చిన్నదానికి అమ్మమ్మ ఆశీస్సులు.

మీరిద్దరూ ఏఐ ఖాతా తెరుస్తామని వారం రోజులుగా అడుగుతున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తెరవండి. నేను వద్దనను. ఏడాదిగా నేనూ వాడుతున్నాను. కానీ ముప్ఫై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని ఎందరి చేతనో ఖాతా ఫారాలు నింపించినదాన్ని. ఖాతా అన్న మాట వింటే కొన్ని సంగతులు చెప్పకుండా ఉండలేను. ఇవి ఫోనులో హడావుడిగా చెప్పే విషయాలు కావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. పోస్టాఫీసులో పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరునే పొదుపు ఖాతా తెరవవచ్చు. ప్రశ్న రాస్తే జవాబు రాసిచ్చే ఈ ఏఐ యాప్‌ల లెక్క వేరు. చాట్‌జీపీటీకి 13 ఏళ్లు నిండాలి, 18 నిండేదాకా తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. క్లాడ్‌కు 18 నిండితేనే ఖాతా. చిన్నదానికి పద్నాలుగు, పెద్దవాడికి పదిహేడు. కాబట్టి మీ అమ్మ సరేనన్నాక చాట్‌జీపీటీ తెరవవచ్చు, క్లాడ్‌కు ఆగాలి. పుట్టిన సంవత్సరం మార్చి వేస్తే ఎవరికీ తెలియదని స్నేహితులు చెప్పి ఉంటారు. ఆ పని చేయకండి. పిల్లల వయసు చూసే అక్కడ కొన్ని అదనపు జాగ్రత్తలు పెడతారు. తేదీ మార్చితే అవి మీకు అందవు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా 18 నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది.

తరువాత, ఏ తలుపు తడుతున్నారో చూసుకోండి. మా వీధిలో కొబ్బరికాయల వ్యాపారం చేసే అబ్బాయి యాప్ స్టోరులో వెతికి, పేరులో రెండు అక్షరాలు ఎక్కువున్న ఒక యాప్ దించుకున్నాడు. గుర్తు అదే రంగులో ఉంది. మూడు రోజులు ఉచితం అంటే యూపీఐ ఆటోపేకు, అంటే మళ్లీ అడగకుండానే బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తీసుకునేందుకు, అనుమతి ఇచ్చాడు. నాలుగో రోజు నుంచి వారం వారం డబ్బు పోయింది. యాప్ తీసేశాడు, అయినా ఆగలేదు. ఫోనులోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు. స్టోరులోని సబ్‌స్క్రిప్షన్ల పేజీలోకి వెళ్లి రద్దు చేయాలి, యూపీఐ యాప్‌లో ఆటోపే అనుమతిని కూడా తీసేయాలి. నేను పక్కన కూర్చుని చేయించాను. మీరు దించుకునే ముందు పేరు కింద తయారీదారు ఎవరో చదవండి. చాట్‌జీపీటీ అయితే ఓపెన్‌ఏఐ, జెమినై అయితే గూగుల్, క్లాడ్ అయితే ఆంత్రోపిక్ అని ఉండాలి. మొదలుపెట్టడానికి డబ్బు కట్టనక్కరలేదు. ఉచిత ఖాతాలో కొన్ని ప్రశ్నల తరువాత కాసేపు ఆగమంటుంది. మీ చదువుకు అది చాలు.

ఫారం చిన్నదే. ఇమెయిల్ ఇవ్వాలి, లేదా గూగుల్ ఖాతాతోనే లోపలికి వెళ్లవచ్చు. గూగుల్‌తో వెళితే కొత్త పాస్‌వర్డ్ గుర్తు పెట్టుకునే పని ఉండదు, కానీ ఆ గూగుల్ ఖాతా ఎవరి చేతికైనా చిక్కితే ఇదీ చిక్కినట్టే. అందుకని ముందు దానికి రెండంచెల తనిఖీ, అంటే పాస్‌వర్డ్ తరువాత ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోండి. వేరే పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు మాటలు కలిపి పెట్టండి. ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం వద్దు. ఓటీపీ వస్తే అది ఆ పెట్టెలో వేయడానికే, ఫోను చేసి అడిగినవాళ్లకు చెప్పడానికి కాదు. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి.

ఇక అందులో ఏం రాయాలి అన్నది. నా రోజుల్లో కార్డు, కవరు అని రెండు ఉండేవి. కార్డు మీద రాసింది దారిలో చేయి పడ్డ ప్రతివాళ్లూ చదవగలరు. అందుకే పెళ్లిచూపుల కబురు కార్డు మీద రాసేవారు, పెళ్లి తప్పిపోయిన బాధ కవరులో పెట్టి అంటించేవారు. ఏఐకి రాసేదాన్ని కార్డు అనుకోండి. మీ మాటలు మీ ఫోనులో ఆగవు, ఆ సంస్థ కంప్యూటర్లకు వెళ్లి అక్కడ నిలవ ఉంటాయి. కొన్నింటిని మనుషులు కూడా చదవవచ్చు. మీరు వద్దనకపోతే వాటితో తరువాతి యంత్రానికి శిక్షణ కూడా ఇవ్వవచ్చు. సెట్టింగుల్లో దాన్ని ఆపే మీట ఉంటుంది. ఖాతా తెరిచిన రోజే వెతికి ఆపండి. ఆధార్ కార్డు ఫొటో, మీ అమ్మ బ్యాంకు పుస్తకం, స్నేహితురాలు మీకొక్కరికే చెప్పుకున్న రహస్యం, ఇవేవీ అందులోకి వెళ్లకూడదు. మనసు బాగోలేనప్పుడు దానికి కాదు, నాకు రాయండి. అర్ధరాత్రి అయినా సరే ఫోను చేయండి.

ఈ ఉత్తరంలో అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. ఖాతా తెరవగానే తెలియని విషయం అడగాలని చేయి లాగుతుంది. ఆగి, మొదటి ప్రశ్న మీకు బాగా తెలిసినదే అడగండి.

నేను అడిగింది గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట గురించి. 1847లో మొదలై 1852లో పూర్తయిందనీ, కట్టించింది ఆర్థర్ కాటన్ అనీ చక్కగా చెప్పింది. సంతోషపడి, ఆ ఆనకట్ట నాలుగు భాగాలు ఏయే ఊళ్ల దగ్గర ఉన్నాయని అడిగాను. ధవళేశ్వరం, విజ్జేశ్వరం సరిగ్గానే చెప్పి, మిగతా రెంటికీ వేరే ఊళ్ల పేర్లు చెప్పింది. అవి గోదావరి ఒడ్డు ఊళ్లే, కానీ ఆనకట్ట అక్కడ లేదు. తడబాటు లేదు, అనుమానం లేదు, తెలిసినది చెప్పినంత నిబ్బరంగానే తెలియనిదీ చెప్పింది. ర్యాలి, మద్దూరు అని నేను సరిదిద్దితే క్షమించమని ఒప్పుకుంది. ర్యాలి అంటే జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉన్న ఊరు, చిన్నప్పుడు మిమ్మల్ని తీసుకెళ్లాను. అంతటితో ఊరుకోలేదు నేను. కాసేపాగి, మద్దూరు కాదు అంటూ కావాలనే ఒక తప్పు పేరు రాశాను. దానికీ క్షమించమని ఒప్పుకుంది! ఆ రోజు దాని స్వభావం నాకు తెలిసింది.

అది పుస్తకం తీసి చూసి చెప్పడం లేదు. కోట్ల పేజీలు చదివి, ఏ మాట తరువాత ఏ మాట రావచ్చో నేర్చుకుంది. ఆ లెక్క ప్రకారం ముక్క పక్కన ముక్క పేరుస్తూ పోతుంది. ఎక్కువమంది రాసిన సంగతి సరిగ్గా వస్తుంది, కొద్దిమందే రాసిన చోట నమ్మేలా ఉన్న మాట వస్తుంది. కాటన్ గురించి ఎందరో రాశారు. మద్దూరు గురించి ఎవరు రాశారు? తెలుగు విషయంలో ఇది మరీ ఎక్కువ. అది చదివినదాంట్లో ఇంగ్లీషుతో పోలిస్తే తెలుగు చాలా తక్కువ. ఈ మధ్య కొన్ని యాప్‌లు ఇంటర్నెట్‌లో వెతికి ఆధారాలు కూడా చూపిస్తున్నాయి. ఆ ఆధారం తెరిచి, ఆ మాట నిజంగా అక్కడ ఉందో లేదో చూడండి.

ఇదంతా విని అది పనికిరానిదని అనుకోకండి. నాకు ఎంతో పనికి వచ్చింది. పెన్షను కాగితాల్లోని గట్టి ఇంగ్లీషును అది తేలిక తెలుగులో విడమరిచి చెబుతుంది. చదువుకు మీరు ఇలా వాడండి: “నేను తొమ్మిదో తరగతి. ఈ పాఠం ఇంతవరకు అర్థమైంది, ఇక్కడ ఆగిపోయాను. జవాబు చెప్పవద్దు, నన్ను ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ ముందుకు నడిపించు.” ఇలా రాస్తే ఓపికగల మాస్టారులా కూర్చుంటుంది. వ్యాసం రాసిపెట్టమని అడిగితే రాసిపెడుతుంది, కానీ పరీక్ష హాలులో పెన్ను పట్టుకోవలసింది నీ చేయి కదా, పెద్దవాడా!

మన కొబ్బరి ఆకుల మీద తెల్లదోమ పడితే అది ఏ పురుగో, ఎలా బతుకుతుందో దాన్ని అడిగి తెలుసుకున్నాను. మందు, మోతాదు మాత్రం దాన్ని అడగలేదు. ఆకు తీసుకుని ఇక్కడి ఉద్యాన పరిశోధన స్థానానికే వెళ్లాను. చెట్టుకైనా మనిషికైనా మందు మాట వస్తే ఆ చదువు చదివిన మనిషి దగ్గరికే వెళ్లాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మీ అమ్మకు సెలవు ఉన్న రోజు చూసి ఫారం నింపండి. ముందు రోజు రాత్రే మీ మొదటి ప్రశ్న కాగితం మీద రాసి, కింద మీకు తెలిసిన జవాబు కూడా రాసిపెట్టుకోండి. చిన్నదానా, నువ్వు పులస గురించి అడుగు. సముద్రంలో ఇలసగా ఉన్న చేప వరద నీటికి గోదావరిలోకి ఎదురెక్కి పులస అవుతుందని నీకు నేను చెప్పినదే. ఎక్కడ పడతారు, ఎప్పుడు పడతారు అని రెండు మూడు ప్రశ్నలు గుచ్చి అడుగు. పెద్దవాడు తన కాలేజీ ఊరి గురించి అడగాలి. అది చెప్పినదాంట్లో తప్పున్న చోటల్లా ఎర్ర పెన్నుతో గీసి, ఆ కాగితాలు నాకు పోస్టులో పంపండి. ఫొటో తీసి పంపవద్దు, కాగితమే కావాలి.

మీ అమ్మమ్మ